నలభై గిటార్లు, ఒక్క చెయ్యి

1993 ఫిబ్రవరిలో అమెరికాలో రెండు మూలల రెండు రాక్ ఆల్బమ్‌లు తయారవుతున్నాయి. ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో, కానన్ ఫాల్స్ దగ్గరి పాచిడెర్మ్ స్టూడియోలో నిర్వాణ బృందం ‘ఇన్ యుటెరో’ రికార్డు చేస్తోంది. స్టీవ్ ఆల్బీని అనే ఇంజనీరు మైకులు సర్ది, వాయించమని చెప్పి, వాయించింది వాయించినట్టు టేపుకెక్కించాడు. రెండు వారాల్లో పని ముగిసింది. దక్షిణాన జార్జియాలో, అట్లాంటా పక్కనున్న మారియెటాలో, ట్రైక్లాప్స్ అనే స్టూడియోలో షికాగో నుంచి వచ్చిన స్మాషింగ్ పంప్‌కిన్స్ అప్పటికే డిసెంబరు నుంచి తలుపులు మూసుకుని కూర్చున్నారు. ఒక్కోసారి ముప్పావు నిమిషం సంగీతం కోసం రెండేసి రోజులు. అంతా అయ్యేసరికి నాలుగు నెలలు గడిచాయి, అనుకున్న ఖర్చు మీద మరో రెండున్నర లక్షల డాలర్లు లేచిపోయాయి. అలా పుట్టిన ఆల్బమ్ ‘సయమీస్ డ్రీమ్’. విడుదలైంది 1993 జులై 27న.

మూడు దశాబ్దాలు దాటాక ఇప్పుడు దాన్ని తలుచుకోవడానికి కారణం పాత పాటల మీది మమకారం ఒక్కటే అయితే ఈ జాగా ఇవ్వనక్కర్లేదు. మన దగ్గర ఈ ఆల్బమ్‌కు పెద్ద చరిత్రేమీ లేదు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఎంటీవీ చూసిన కొద్దిమందికి, ఆ తర్వాత కాలేజీల్లో గిటారు పట్టిన పిల్లలకు తప్ప పేరు కూడా తెలియకపోవచ్చు. అయినా ఆ ఏడాది ఈ ఆల్బమ్ మీద నడిచిన తగువు మాత్రం మన కాలానిది కూడా. మొరటుగా, ఉన్నదున్నట్టు వదిలేసిన సంగీతమే నిజాయితీ గలదని, చెక్కి చెక్కి పెట్టింది బూటకమని అప్పట్లో పెద్దమనుషులు తీర్పిచ్చారు. ఆ తీర్పు ఎంతవరకు నిలిచిందో చూడటానికి ముప్పై ఏళ్లు సరిపోయే వ్యవధి.

ముందు ఆ రోజుల వాతావరణం. సియాటెల్ కుర్రాళ్లు చిరిగిన చొక్కాలతో, జుట్టు మొహం మీద వేసుకుని రేడియోలను ఆక్రమించేసిన కాలం అది. సబ్ పాప్ అనే చిన్న కంపెనీ 1988లో విడుదల చేసిన మడ్‌హనీ బృందపు రికార్డు పేరు ‘సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్’. గిటారు శబ్దాన్ని బొంగురు చేసే రెండు పెడల్ పెట్టెల పేర్లు పక్కపక్కన రాసి పాటల సంపుటికి పేరుగా పెట్టేశారు. కంపెనీల మీద అనుమానం, నైపుణ్యం మీద చిన్నచూపు, పొడుగాటి గిటారు సోలోల మీద వెక్కిరింత ఆ గుంపుకు ఉమ్మడి ఆస్తి. 1991 సెప్టెంబరులో నిర్వాణ ‘నెవర్‌మైండ్’ వచ్చి, ఆ ఏడాది చివరికల్లా ఈ చిన్న గుంపు సంగీతం దేశమంతటి సరుకైంది. ఇంటి సంగతి వీధికెక్కాక ఇంట్లోవాళ్లకు వచ్చే చిరాకే అక్కడా వచ్చింది. ఎవరు అసలు, ఎవరు నకిలీ అనే లెక్కలు మొదలయ్యాయి.

స్మాషింగ్ పంప్‌కిన్స్ ఆ లెక్కలో ఎటూ ఇమడలేదు. వాళ్ల ఊరు సియాటెల్ కాదు, షికాగో. పాటలు రాసి పాడే బిల్లీ కోర్గన్‌కు ఇష్టమైన వాళ్లు బ్లాక్ సాబత్, క్వీన్, బోస్టన్ వంటి డెబ్బైల నాటి భారీ స్టేడియం బృందాలు. కొత్త తరం ఎవరిని తిట్టి పేరు తెచ్చుకుందో వాళ్లే ఇతనికి గురువులు. పైగా తొలి ఆల్బమ్ ‘గిష్’ను 1991 మేలో విడుదల చేసినప్పుడు దాని నిర్మాత బుచ్ విగ్. నాలుగు నెలల తర్వాత వచ్చిన ‘నెవర్‌మైండ్’ నిర్మాత కూడా ఆయనే. ‘గిష్’ బాగానే అమ్ముడుపోయింది, మెప్పూ పొందింది. ‘నెవర్‌మైండ్’ ప్రపంచాన్ని ముంచెత్తింది. ఇక రెండో ఆల్బమ్‌కు, పెద్ద కంపెనీ అయిన వర్జిన్ డబ్బుతో, అదే బుచ్ విగ్‌తో కలిసి కూర్చున్నప్పుడు కోర్గన్ మీద ఎంత బరువుండి ఉంటుందో ఊహించవచ్చు. పాటలు రాయడం ఆగిపోయింది. మనసు కుంగిపోయింది. చచ్చిపోవాలనే ఆలోచనలు వెంటాడాయని ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఆ స్థితిలోంచి వచ్చిన పాటే ‘టుడే’. పైకి ఇంతకంటే హుషారైన బాణీ ఆ దశాబ్దంలో దొరకదు. సన్నటి తీగ మీద ఒంటరిగా, చిన్నపిల్లల బొమ్మలోంచి వచ్చినట్టు కొన్ని స్వరాలు, వెంటనే గోడ కూలినట్టు ఫజ్ గిటార్లు. వీడియోలో ఐస్‌క్రీం బండి, రంగులు, ఎడారి. లక్షలమంది దాన్ని సంతోషపు పాటగానే విన్నారు, ఇప్పటికీ వింటున్నారు. ప్రాణం తీసుకోవాలనిపించిన రోజు గురించి రాసిన పాట అదని తెలిశాక కూడా చెవికి సంతోషంగానే వినిపించడం దాని చిత్రమైన బలం. ఇక్కడే ఫజ్ అనే ఆ శబ్దం దగ్గర కాసేపు ఆగాలి. ఈ ఆల్బమ్‌లో మాటలకంటే ఎక్కువ పని చేసింది అదే.

ఫజ్ పుట్టుకే ఒక పాడైపోయిన యంత్రంలోంచి. 1958లో లింక్ రే ‘రంబుల్’ అనే బాణీ కోసం స్పీకరు కాగితానికి చిల్లులు పొడిచాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వరీ’ రికార్డు చేస్తుంటే, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బేస్ గిటారు వచ్చే దారిలో ఏదో చెడిపోయి, శబ్దం జలుబు చేసిన గొంతులా వచ్చింది. బాగు చేసి మళ్లీ వాయించడానికి బదులు దాన్ని అలాగే ఉంచేశారు. పాట గెలిచింది. ఆ చెడిపోయిన శబ్దం మాకూ కావాలని మిగతావాళ్లు అడగడంతో, దాన్ని కావాలని పుట్టించే పెట్టెను ఇంజనీరు గ్లెన్ స్నాడీ రూపొందించాడు. గిబ్సన్ కంపెనీ 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ ఆ పెట్టె శబ్దంతో మొదలయ్యాక దుకాణాల్లో సరుకు మిగల్లేదు. మధ్యలో, 1964లో, కింక్స్ బృందపు డేవ్ డేవీస్ లండన్‌లో తన స్పీకరును రేజరు బ్లేడుతో కోసి ‘యూ రియలీ గాట్ మీ’ వాయించాడు. అసలు సంగతేమంటే, రాక్ సంగీతంలో ‘సహజం’గా చలామణీ అయిన ఈ మొరటు శబ్దం ఏనాడూ సహజం కాదు. ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని, కోసి, పొడిచి, సర్క్యూటు గీసి తయారుచేసిందే.

ఆ పెట్టెలో జరిగేది చెప్పడానికి తేలికే. గిటారు తీగ కంపిస్తే వచ్చే విద్యుత్ తరంగం గుండ్రటి కొండల వరుసలా ఉంటుంది. దాన్ని పట్టనంత పెద్దది చేస్తే సర్క్యూటు ఆ కొండల కొనలను చదునుగా కోసేస్తుంది. కోసిన చోట కొత్త అనుస్వరాలు పుడతాయి. ఒక్క స్వరం వాయిస్తే దాని వెనక ఇంకో పది స్వరాల గుంపు లేస్తుంది. పైగా ఎత్తులన్నీ కోసేసి సమం చేయడం వల్ల తీగ కంపనం తగ్గుతున్నా శబ్దం తగ్గదు, లాగినంతసేపు సాగుతుంది. మన తంబురా తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. తీగ ఆనే చెక్క మీద, తీగకూ దానికీ మధ్య సన్నటి నూలుపోగు జరిపి ‘జీవ’ పట్టిస్తారు. తీగ చెక్కకు తగిలీ తగలనట్టు రాసుకుంటూ ఒక జుమ్మనే నాదాన్ని వదులుతుంది, ఆ నాదం నిండా అనుస్వరాలే. దారం తీసేస్తే తంబురా మూగబోదు, కానీ గాయకుడు దాని పక్కన కూర్చోడు. పని చేసే సూత్రాలు వేరైనా, ఫజ్ రాబట్టే ఫలితం దానికి దూరపు చుట్టమే.

‘బిగ్ మఫ్’ అనే పెట్టెను న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ నడిపిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ 1969 ప్రాంతంలో తెచ్చింది. మొదటి రకాల్లో ట్రాన్సిస్టర్లు ఉండేవి. డెబ్బైల చివర వచ్చిన ఒక రకంలో వాటి స్థానంలో ఆప్-ఆంప్ చిప్‌లు పెట్టారు. చవకగా తయారయ్యే ఆ రకాన్ని అప్పట్లో ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. కోర్గన్ చేతికి దొరికింది అదే. మార్షల్ ఆంప్లిఫయర్ ముందు దాన్ని పెట్టి, స్ట్రాటోకాస్టర్ గిటారుతో వాయించాడు. వచ్చిన శబ్దం ఇసుక తుపాను లాంటిది కాదు. వింటే మెత్తగా, మందంగా, అంచులు లేకుండా ఉంటుంది. ఫజ్‌లో అనేక స్వరాల పూర్తి కార్డులు పట్టుకుంటే స్వరాలు ఒకదానితో ఒకటి కొట్టుకుని బురదైపోతాయి. ఆ ఇబ్బందికి ఈ ఆల్బమ్‌లో దొరికిన విరుగుడు ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో కలిపి పట్టడం. ‘చెరబ్ రాక్’లో ఆ జంట స్వరాలు అంత ఫజ్ మధ్యలోంచి కూడా బాణీని స్పష్టంగా పైకి తెస్తాయి.

పెట్టె ఒక్కటే సరిపోయి ఉంటే నాలుగు నెలలు అక్కర్లేదు. ‘సోమా’ అనే పాటలో ఒకదాని మీద ఒకటి నలభై దాకా గిటారు వరసలు ఉన్నాయని చెబుతారు. అప్పటి స్టూడియో టేపు మీద సాధారణంగా ఉండేవి 24 ట్రాకులు. అన్ని గిటార్లు అందులో పట్టవు కాబట్టి, కొన్నింటిని కలిపి కుదించి, ఖాళీ చేసుకుని, మళ్లీ వాయించుకుంటూ పోవాలి. ఒకసారి కుదించాక విడదీయడం కుదరదు. పొరపాటుంటే మొదటికి రావాల్సిందే. కోర్గన్, విగ్ వారాల తరబడి రోజుకు పదహారు గంటల దాకా ఈ పనిలోనే ఉన్నారు. చివరికి మిక్సింగ్ చేయడానికి ఇద్దరికీ ఓపిక మిగల్లేదు. మై బ్లడీ వాలంటైన్ బృందం ‘లవ్‌లెస్’కు పనిచేసిన అలన్ మౌల్డర్‌ను పిలిపించారు. రెండు వారాలకు మాట్లాడుకున్న ఆ పని ఆయనకు 36 రోజులు పట్టింది.

ఇన్ని గిటార్లు ఎందుకు? ఒకటి వాయించి ముప్పై తొమ్మిది నకళ్లు తీస్తే సరిపోదా? సరిపోదు, ఈ ఆల్బమ్ కిటుకంతా అక్కడే ఉంది. ఒకే రికార్డింగును దాని నకలుతో కలిపితే వచ్చేది అదే శబ్దం, కాస్త గట్టిగా. మందం రాదు. రెండోసారి మళ్లీ చేత్తో వాయించినప్పుడు తీగ మీద వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ పడుతుంది, దెబ్బ రెప్పపాటు ముందో వెనకో తగులుతుంది, శ్రుతి పిసరంత జరుగుతుంది. ఈ తేడాలు కలిసినప్పుడే చెవికి వెడల్పు, లోతు తెలుస్తాయి. మేళంలో నలుగురు నాదస్వర విద్వాంసులు ఒకే కీర్తన అందుకున్నప్పుడు వచ్చే నిండుదనం ఆ నలుగురి మధ్యనున్న స్వల్ప తేడాల్లోంచే కదా వచ్చేది. ఎంత జాగ్రత్తగా వాయించినా అచ్చం ముందులా వాయించలేకపోవడం మనిషి చేతి గుణం. నలభై సార్లు ప్రయత్నించి నలభై సార్లు కాస్త తప్పిన చెయ్యే ‘సోమా’లో వినిపించే ఆ కెరటం. ఇంత అతిగా చెక్కిన ఆల్బమ్ అని వెక్కిరించినవాళ్లు చెక్కింది చేతులతోనన్న ముక్క మర్చిపోయారు.

‘సోమా’ను ఇప్పుడు విన్నా ఎంత పొదుపుగా కట్టారో తెలుస్తుంది. మొదటి సగమంతా గొంతు గుసగుసలాడినట్టే ఉంటుంది. ఆర్.ఈ.ఎం. బృందం నుంచి మైక్ మిల్స్ వచ్చి పియానో వాయించాడు. దాదాపు మూడు నిమిషాల పైన ఓపిక పట్టించాకే గిటార్లు తెరుచుకుంటాయి. ఆ తెరుచుకోవడం కోసమే మిగతాదంతా కట్టినట్టు అనిపించినా, మళ్లీ మళ్లీ వింటే మొదటి సగమే ఎక్కువ నిలుస్తుంది. ‘సోమా’, ‘మయొనేజ్’ ఈ రెండింటి రచనలో గిటారిస్టు జేమ్స్ ఈహాకు భాగముంది. ఆల్బమ్‌లోకెల్లా అందమైన రెండు పాటలూ అవే కావడం యాదృచ్ఛికం అనుకోలేం. ‘మయొనేజ్’లో, వాయించడం ఆపిన ప్రతిచోటా ఒక ఈల వినిపిస్తుంది. కోర్గన్ చవకగా కొన్న ఒక గిటారు తీగలు ఆపగానే దానంతటదే కీచుమనేది. ఆ లోపాన్ని సరిచేయకుండా పాటలో చోటిచ్చారు. ముప్పావు నిమిషం కోసం రెండేసి రోజులు తగలేసిన మనిషికి ఏ తప్పు దిద్దాలో, ఏది వదలాలో తెలుసు. ఆయన్ని పిచ్చి పట్టిన పరిపూర్ణవాది అని ఒక్కమాటలో తేల్చేసేవాళ్లు ఆ ఈలను లెక్కలోకి తీసుకోవాలి.

అలాగని ఆల్బమ్ మొత్తం బంగారమని చెప్పడం లేదు. 13 పాటలు, గంటకు పైగా నిడివి. ‘సిల్వర్‌ఫక్’ ఎనిమిది నిమిషాలు దాటి సాగుతుంది. మధ్యలో ఎక్కడికి పోతోందో అర్థం కాదు, కచేరీలో చూసినవాళ్లకు అది పండగే కావచ్చు కానీ ఇంట్లో వినేవాడికి ఓపిక పరీక్ష. ‘స్వీట్ స్వీట్’ వచ్చి పోయిన సంగతి తెలియదు. ‘డిసార్మ్’ మీద మాత్రం అభిప్రాయాలు నిట్టనిలువునా చీలతాయి. ఫజ్ అంతా పక్కన పెట్టి, గంటలు, తీగవాద్యాలు, మామూలు గిటారుతో తన బాల్యపు గాయాల మీద గొంతు చించుకుని పాడిన పాట అది. అందులోని ఒక మాట మీద అభ్యంతరంతో బీబీసీ ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో దాన్ని ప్రసారం చేయలేదు. అయినా బ్రిటన్ జాబితాలో 11వ స్థానానికి చేరింది. నాటకీయత కొంచెం ఎక్కువైందని ఈ వ్యాసకర్త మతం. నచ్చినవాళ్లు నొచ్చుకోవద్దు.

డ్రమ్స్ గురించి ఒక్క మాటైనా చెప్పకపోతే అన్యాయం. గిటార్ల గోడ అంత ఎత్తున లేచినప్పుడు దాని కింద నలిగిపోకుండా నిలబడటం చిన్న విషయం కాదు. జిమ్మీ చేంబర్లిన్ జాజ్ నేర్చిన మనిషి. ‘గీక్ యూ.ఎస్.ఏ.’లో అతని చేతులు ఎంత వేగంగా తిరుగుతాయో, అంతే తేలికగా ఊగుతాయి. ఆ ఊపు లేకపోతే ఫజ్ అంతా ఒక బండరాయి. ఆ కాలపు రాక్ డ్రమ్మర్లలో బలవంతులు చాలామందే ఉన్నారు. ఇంత నాజూకుగా కొట్టినవాడు మరొకడు వెంటనే గుర్తుకు రాడు.

ఆ చేంబర్లిన్‌ను షికాగో మాదకద్రవ్యాల పరిచయాలకు దూరంగా ఉంచాలన్నది కూడా మారియెటాను ఎంచుకోవడానికి ఒక కారణం. ఫలించలేదు. కొత్త ఊళ్లోనూ అతనికి దారులు దొరికాయి, రోజుల తరబడి కనబడకుండా పోయేవాడు. ఈహా, బేస్ గిటారిస్టు డార్సీ రెట్స్కీ అప్పటికే ప్రేమ తెగిపోయి, ఒకే గదిలో కూర్చోవాల్సిన పరిస్థితిలో ఉన్నారు. నలుగురున్న బృందంలో ఒకడు మాయం, ఇద్దరు ముభావం, నాలుగోవాడు నిద్రలేని మొండివాడు. ఫలితం ఏమిటంటే, ఆల్బమ్‌లోని గిటారు, బేస్ వరసల్లో అత్యధిక భాగం కోర్గన్ ఒక్కడే వాయించాడు. అతనైతే అవే వరసలను మరింత తేలికగా, తక్కువ ప్రయత్నాల్లో ముగించగలడన్నది దానికి చెప్పిన కారణం. అది నిజమే అయుండొచ్చు. కానీ పక్కనున్నవాళ్ల చేతుల్లోంచి వాయిద్యం తీసుకోవడం బృందంలో ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ‘బృందం పేరుతో ఒంటరి మనిషి’ అనే ముద్ర అతని మీద అప్పుడు పడింది, ఇప్పటికీ పోలేదు.

కాబట్టి పైన చెప్పిన నలభై గిటార్ల మందానికి ఇంకో ముఖం ఉంది. నాదస్వర మేళంలో నలుగురి తేడాలు నలుగురివి. ఇక్కడి తేడాలన్నీ ఒకే మనిషికి తనతో తనకున్న తేడాలు. అందుకే కాబోలు ఈ ఆల్బమ్‌లోని ఫజ్‌కు ఎవరినీ లోపలికి రానివ్వని ఒక బిగింపు ఉంటుంది, ఒక గదిలో తనను తానే కౌగిలించుకున్న శబ్దం. అదే వయసులో గది తలుపులు వేసుకున్న లక్షలమంది పిల్లలకు అది తమ గది శబ్దంలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆల్బమ్ అమెరికా జాబితాలో 10వ స్థానంలో అడుగుపెట్టింది. ఆ దేశంలోనే 40 లక్షల ప్రతుల గుర్తింపు దాకా వెళ్లింది.

అయినవాళ్ల మెప్పు మాత్రం దక్కలేదు. ‘చెరబ్ రాక్’ పాట అప్పటికే స్వతంత్ర సంగీతపు గుంపు మీద కోర్గన్ విసిరిన రాయి. తిరుగు రాళ్లు తొందరగానే వచ్చాయి. షికాగోవాడే అయిన స్టీవ్ ఆల్బీని 1994 జనవరిలో ‘షికాగో రీడర్’ పత్రికకు రాసిన ఘాటైన ఉత్తరంలో స్మాషింగ్ పంప్‌కిన్స్‌ను ఆర్.ఈ.ఓ. స్పీడ్‌వాగన్ అనే పాత రేడియో బృందంతో పోల్చాడు. ఆ గుంపులో అంతకంటే పెద్ద తిట్టు లేదు. అదే ఏడాది పేవ్‌మెంట్ బృందం ‘రేంజ్ లైఫ్’ అనే పాటలో పేరుపెట్టి మరీ వెక్కిరించింది. సారాంశం ఒకటే: వీళ్లు మనవాళ్లు కాదు, వేషం వేసుకొచ్చిన స్టేడియం బాపతు.

ఇప్పుడు దూరం నుంచి చూస్తే ఆ హద్దురేఖ ఎంత పలచనిదో తెలుస్తుంది. మొరటుతనానికి నమూనాగా నిలిపిన ‘ఇన్ యుటెరో’లో కూడా ముఖ్యమైన రెండు పాటలను విడుదలకు ముందు స్కాట్ లిట్ అనే మరో నిర్మాత చేత మళ్లీ మిక్స్ చేయించారు. అంతకుముందు ‘నెవర్‌మైండ్’లో, ఒకే వరసను రెండుసార్లు పాడి కలపడం మోసమనుకుని నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ ఒప్పుకోకపోతే, జాన్ లెనన్ కూడా అలా చేసేవాడని చెప్పి బుచ్ విగ్ ఒప్పించాడు. అంటే నిజాయితీకి గీటురాయిగా నిలిచిన గొంతు కూడా జంట గొంతే. ఆల్బీని చేసిన పని తక్కువదేమీ కాదు. ఒక గదిలో నలుగురు వాయిస్తే ఆ గది గాలి కూడా వినిపించేలా రికార్డు చేయడం అరుదైన విద్య, ఆ విద్యలో ఆయన దిట్ట. కానీ అదీ ఒక విద్యే. ఏ మైకు ఎంత ఎత్తున పెట్టాలో ఏళ్లపాటు కొలిచి నేర్చుకున్నది. చెమట ఒకరు గదిలో పోశారు, ఒకరు టేపు మీద పోశారు. ఒకరికి నిజాయితీ పతకం, ఇంకొకరికి బూటకపు ముద్ర ఎందుకో ఆ కాలపు చొక్కాల ఫ్యాషన్‌ను అడగాలి.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1994 ఏప్రిల్‌లో కర్ట్ కోబేన్ చనిపోయాడు. నిర్వాణ తప్పుకున్న ఆ వేసవి లాలాపలూజా ఊరూరి ఉత్సవంలో ప్రధాన బృందంగా స్మాషింగ్ పంప్‌కిన్స్ నిలబడింది. 1995లో ‘మెలన్ కోలీ అండ్ ది ఇన్‌ఫినిట్ సాడ్‌నెస్’ అనే జంట ఆల్బమ్ ఇంకా పెద్దగా గెలిచింది. ఈసారి విగ్ స్థానంలో వచ్చిన నిర్మాత ఫ్లడ్, మౌల్డర్‌తో కలిసి, నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి వాయించడానికి ఎక్కువ చోటిచ్చాడు. 1996 జులైలో న్యూయార్క్‌లో వాళ్ల వెంట కీబోర్డు వాయించే జొనాథన్ మెల్వాయిన్ హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. అప్పుడతని పక్కనే ఉన్న చేంబర్లిన్‌ను బృందం నుంచి తీసేశారు. 1999లో డార్సీ వెళ్లిపోయింది. 2000 డిసెంబరులో షికాగో మెట్రో హాల్లో చివరి కచేరీ చేసి బృందం రద్దైంది. మళ్లీ కలిశారు, మళ్లీ మారారు. ఆ వివరాలు వాళ్ల అభిమానులకే ముద్దు.

శబ్దం సంగతి వేరు. డెబ్బైల చివర ఎవరూ పట్టించుకోని ఆ ఆప్-ఆంప్ బిగ్ మఫ్ పాత పెట్టెలకు ఈ ఆల్బమ్ వల్ల గిరాకీ పెరిగింది. చివరికి 2017లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీయే అదే సర్క్యూటుతో చిన్న పెట్టెను మళ్లీ తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. హైదరాబాదులోనో విశాఖలోనో గిటారు నేర్చుకునే కుర్రాడు కూడా ఇవాళ దాన్ని తెప్పించుకోగలడు. తెప్పించుకోకపోయినా ఫర్వాలేదు, కంప్యూటర్‌లో దాని నమూనా సాఫ్ట్‌వేర్‌గా ఉంటుంది. ట్రాకులకు లెక్కలేదు, టేపు ఖర్చు లేదు, కుదించే పని లేదు. ఒకసారి వాయించి కావలసినన్ని నకళ్లు తీసుకోవచ్చు. తప్పితే వెనక్కి తిప్పుకోవచ్చు. ఈమధ్య మరీ ముందుకెళ్లి, గిటారు ముట్టకుండానే ‘తొంభైల నాటి ఫజ్ రాక్’ అని టైపు చేస్తే పాట దించే యంత్రాలూ వచ్చాయి.

ఈ సౌకర్యాల మీద ఏడవాల్సిన పనిలేదు. ఫజ్ కూడా ఒకప్పుడు గిటారు రాని వాళ్ల దొంగదారి అని అనిపించుకున్నదే. అయితే ఒక చిత్రం గమనించాలి. 1993లో ‘సయమీస్ డ్రీమ్’ను తప్పుపట్టడానికి వాడిన పదం ‘మరీ తయారుచేసింది’ అని. అదే ఆల్బమ్‌ను ఇవాళ ఇరవై ఏళ్ల వాళ్లు మెచ్చుకుంటే చెప్పే మాట ‘అచ్చం మనిషి వాయించినట్టుంది’ అని. టేపు మారలేదు. చుట్టూ ఉన్న శబ్దం మారింది. ముప్పై ఏళ్ల కింద మొరటుతనం పక్కన పెడితే అతిగా నునుపుగా కనిపించింది, ఇవాళ నకళ్ల పక్కన పెడితే చేతి పని అని పోల్చుకోవచ్చు. ఆల్బమ్‌లో వినిపించే వెంట్రుకవాసి శ్రుతి తేడాలు అప్పుడూ ఉన్నాయి. వాటిని వినడానికి కావలసిన అవసరం అప్పటివాళ్లకు ఇంకా రాలేదు, అంతే.

అలాగని కోర్గన్ నిర్దోషి అని తేల్చి చేతులు దులుపుకోలేం. చేతి పనిని మెచ్చుకునేటప్పుడు ఎవరి చేయి అనే ప్రశ్న వెంటనే వస్తుంది. చేంబర్లిన్ డ్రమ్స్ మీద ఎవరికీ సందేహం లేదు, అవి అతనివే. ఈహా పాటల్లో ఉన్నాడు, గిటారు వరసల్లో ఎంత ఉన్నాడో చెప్పడం కష్టం. 2018లో పాత బృందం మళ్లీ యాత్ర కట్టినప్పుడు వేదిక మీద ఆ ముగ్గురూ ఉన్నారు, డార్సీ లేదు. ఆల్బమ్ లెక్కల్లో బేస్ గిటారు ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. తెర వెనక కథ మాత్రం అత్యధిక భాగం వేరొకరు వాయించారని చెబుతుంది. ఆమె నుంచి తీసుకున్న వరసలు ఆమే వాయించి ఉంటే ఈ ఆల్బమ్ తక్కువదయ్యేదా, లేక అందులోని ఆ ఊపిరాడని బిగింపు కాస్త సడలి ఇంకా మంచిదయ్యేదా? 1993 నుంచి ఈ ఆల్బమ్‌ను పొగిడిన వ్యాసాల్లో చాలా మటుకు ఆ లెక్క తేల్చకుండానే పొగిడాయి. ఇదీ అంతే.